మడ చెట్ల మధ్య పిలిచిన పేరు

శుక్రవారం రాత్రి, అబుదాబి

నేను పనిచేసే ఇంటి మేడం వాళ్ళతో పడవలో మడ చెట్లు చూడ్డానికి వెళ్ళాను. మన కోరంగిలో వాటిలాంటివే. గైడు సెనెగల్ అబ్బాయి. తమ ఊళ్ళో ఆడవాళ్ళు మడ చెట్ల వేళ్ళకి పట్టిన ఆల్చిప్పలు కోస్తారని హిందీలో చెబుతున్నాడు. అంతలో మేడం కొడుకు నీళ్ళ మీదికి వంగాడు. "ఒరేయ్ నానీ!" అని అరిచేశాను. కాలువలో మునిగిపోయిన నా కొడుకు పేరది.

"బాబు పేరు అది కాదుగా అమ్మా?" అన్నాడు గైడు. నా కొడుకు సంగతి చెప్పాను.

"మా అవ్వయితే నీళ్ళ మీద ఉన్నప్పుడు చనిపోయినవాళ్ళ పేరు ఎత్తనివ్వదు. ఆ పిలుపుకి ఎవరు పలికితే వాళ్ళని నీళ్ళు తమకిమ్మని అడుగుతాయంటుంది. ఖలాస్, వదిలెయ్, ముసలిదాని మాటలే, భయపడకు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చినప్పటి నుంచి బాబు గదిలోకి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను. ఊపిరి ఆడుతోంది. కానీ ప్రభువా, నేను పిలిచింది నా నానిని. తిరిగి చూసి "ఆఁ" అన్నది ఈ బిడ్డ.