కువైట్‌కి అయిదు గంటలు

పెనుగంచిప్రోలు, ఆదివారం

కువైట్‌కి పనికి పంపే పేట ఏజెంటు మా అక్కని మోసం చేశాడు. "హైదరాబాదులో ఎక్కితే కువైట్ అయిదు గంటలేనమ్మా. పాపకి జ్వరమొస్తే మర్నాటికి వచ్చెయ్యొచ్చు" అన్నాడు. పాప వారం నుంచి నందిగామ ఆసుపత్రిలో ఉంది. అక్క పాస్‌పోర్టు కువైట్‌లో ఆమె పనిచేసే ఇంటి యజమాని బీరువాలో ఉంది.

ఈరోజు అదే మాట పక్కింటి సునీత వదినకి చెబుతుంటే నిలదీశాను. నవ్వాడు. "నేను చెప్పింది దూరం తమ్ముడూ, సెలవు గురించి కాదు."

కొట్టబోయి ఆగాను. ఆ రోజు అక్క అడిగితే ఫోన్లో వెతికి "నిజమేనక్కా, అయిదు గంటలే" అన్నది నేనే కదా.

వదిన రేపు మధ్యాహ్నం ఏజెంటు కాగితాల మీద సంతకం పెడుతుందట. కువైట్‌లో ఆ ఇంటివాళ్లు నిద్ర లేవకముందే అక్కకి మాట్లాడే వీలు. మనకి ఎనిమిదంటే అక్కడ అయిదున్నర. అందుకే చీటీలు రాశాను: కువైట్ వెళ్లాలనుకునే ఆడవాళ్లందరూ రేపు ఉదయం ఎనిమిదింటికి సునీత వదిన వాకిట్లోకి రండి. ఎంత దూరమో మా అక్క ఫోన్లో చెబుతుంది.