పాప గుండె మీది గ్రంథి

చెల్లీ,

పాపకి గుండె మీదుండే థైమస్ గ్రంథి పెద్దదిగా ఉందని, ఎక్స్‌రేతో కరిగిస్తామన్నారని రాశావు. ఒప్పుకున్నావో, నేనూరుకోను!

ఇరవై ఏళ్లుగా ఆసుపత్రి శవాలగదిలో ఆ గ్రంథిని తూచేది నేనే. మా బల్ల మీదకి వచ్చేది రోగాలతో, పస్తులతో చిక్కిశల్యమైన పిల్లలు. వాళ్లకది ఎండిపోయి ఉంటుంది. మామూలు కొలత అంటూ డాక్టర్ల పుస్తకాలకెక్కింది ఆ కొలతే.

మొన్న బండి గుద్ది పోయిన బొద్దుపిల్లాడికి అది నిండుగా ఉంది. "అయ్యా, అసలు కొలత ఇదేనేమో," అన్నాను. పెద్ద డాక్టరుగారు నా పాత కాగితాలన్నీ తిరగేసి, "ఇన్నాళ్లూ పప్పులో కాలేశామోయ్!" అన్నారు. ఆయన రాసిచ్చిన చీటీ పంపుతున్నాను, మీ డాక్టరుకి చూపించు.

పస్తులతో పెరిగిన మనింట్లో ఒక బిడ్డకి అది అంత నిండుగా ఉందంటే, నువ్వు పాపని ఒక్కపూటైనా పస్తుంచలేదన్నమాట. శెభాష్ తల్లీ!

అన్నయ్య