మూడో డివిజన్‌కు ఏడు మైళ్లు

జూన్ 9, 1957. ఆదివారం. రబ్బరు ఎస్టేటు, మలయా

ఇవాళ నాలుగుసార్లు పడ్డాను. రెండుసార్లు ఎడమకి, ఒకసారి కుడికి, ఇంకోసారి ఎటు పడ్డానో నాకే తెలియలేదు. రోజూ అందరికీ అయోడిన్ రాసే మిడ్‌వైఫ్‌ని, నా మోచేతికి నేనే రాసుకుంటుంటే మా ఆసుపత్రి డ్రెస్సర్ సీతారాం గారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వనీ. సైకిలు ఆయనదే.

రేపు మనసు మారకుండా ఎందుకు నేర్చుకుంటున్నానో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. చెల్లెలు పాపాయి ఇదే ఎస్టేటు మూడో డివిజన్‌లో ఉంది. ఇక్కడికి ఏడు మైళ్లు. లారీ మంగళవారం, శుక్రవారం మాత్రమే, అదీ ముందొక పోలీసు బండి, వెనకొక పోలీసు బండి ఉంటేనే. కిందటేడు దానికి నొప్పులు ఆదివారం మొదలయ్యాయి. నేను మంగళవారం వెళ్లాను. బిడ్డను అప్పటికే పూడ్చేశారు.

ఇప్పుడు మళ్లీ ఆరో నెల. ఈసారి లారీ కోసం కూర్చోను.

మేనేజరు దొరను అడిగాను. గంటలో అక్కడికి చేరగలిగితే గేటు దాటి వెళ్లే పాస్‌కు సంతకం పెడతానన్నాడు. సైకిలు మీద పోయేవాళ్లను అడవిలో ఉన్న కమ్యూనిస్టులు ఇంతవరకు కాల్చలేదట. ఆ 'ఇంతవరకు'ను కాస్త నొక్కి పలికాడు.

జూన్ 13

చీరతో కుదరదు. మగవాళ్ల సైకిలు, మధ్యలో బార్ ఉంది. నాన్న ఆఫీసులో కిరాణీగా, గుమాస్తాగా ఉన్నప్పటి ఖాకీ పాంటు పెట్లోంచి తీసి నడుముకు తాడు కట్టుకున్నాను. నరసమ్మ పిన్ని చూసి గుమ్మంలోనే కూలబడింది. పెళ్లి కావలసిన పిల్లవి, ఇళ్ల లైన్లో అందరూ చూస్తన్నారు, ఏటి పాపా ఈ ఏసం అంది. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచింది పిన్నే, కాబట్టి ఏమైనా అనవచ్చు. నాకు ముప్ఫై రెండేళ్లు. పెళ్లి సంగతి పిన్ని తప్ప అందరూ మరిచిపోయారు.

జూన్ 16

పడలేదు.

జూన్ 30. ఆదివారం

మొదటిసారి నాలుగో మైలు దాకా వెళ్లి వచ్చాను. అంతా ఎర్ర కంకర. చిన్న దిబ్బ ఎక్కు, దిగు, మళ్లీ ఎక్కు. ముందు చక్రం కంకరలో జారితే బ్రేక్ పట్టకూడదు, తొక్కుతూనే ఉండాలి. ఇది ఎవరూ చెప్పలేదు, మోకాళ్లు నేర్పాయి.

రోడ్డు మీద ఒక్క బండి లేదు. పొంచి ఉండటానికి చోటు లేకుండా అటూ ఇటూ యాభై అడుగుల మేర రబ్బరు చెట్లు కొట్టేశారు. అందుకని మొత్తం ఆకాశం కనబడుతుంది. చైను చప్పుడు, నా ఊపిరి, అంతే. భయం వేయలేదా అంటే వేసింది. కానీ మూడో మైలు దగ్గర పొడుగు దిగుడులో కాళ్లు కదపకుండా జారిపోతుంటే గట్టిగా నవ్వాను. పాపాయి కోసం నేర్చుకుంటున్నానని అందరికీ చెబుతున్నాను. నిజమే. కానీ ఆ దిగుడు మాత్రం నా కోసమే.

జూలై 8

యాభై ఆరు నిమిషాలు. పాస్ వచ్చింది. ఉదయం ఆరు తరవాత వెళ్లాలి, సాయంత్రం ఆరులోపు ఏదో ఒక గేటు లోపల ఉండాలి. తిండి గింజ ఒక్కటి కూడా తీసుకెళ్లకూడదు. బియ్యం అడవిలోకి చేరుతుందని వాళ్ల భయం. ఇక్కడ అందరికీ ఒకే కిచెన్‌లో వండి, అన్నమే కొలిచి పెడుతున్నారు.

పాపాయి నన్ను సైకిలు మీద చూసి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. తరవాత పాంటు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. పొట్ట పట్టుకుని నవ్వింది. బిడ్డ తల సరిగ్గానే ఉంది.

జూలై 12

కోపంతో రాస్తున్నాను.

గేటు దగ్గర స్పెషల్ కానిస్టేబుల్ గోవిందన్ నా సంచి తెరిచాడు. రోజూ పైపైన చూసేవాడు, ఇవాళ దూది చుట్ట విప్పాడు. మధ్యలో చిన్న గుడ్డ మూట. ఐదు గుప్పెళ్ల బియ్యం, పసుపు కలిపి, పైన కుంకుమ. నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? మిస్సీ, నాన్ ఎన్న సెయ్యరదు, రూల్ లా అన్నాడు, నేనేం చెయ్యను, రూలు కదా అని. అతని ముఖం నా ముఖం కన్నా పాలిపోయింది.

ఒడిబియ్యం. ఏడో నెలలో పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడి నింపాలి. పిన్ని మిగుల్చుకున్న పాత బియ్యం దాచిపెట్టింది. నేను వద్దంటానని నాకు చెప్పకుండా పెట్టింది.

స్టేషన్‌లో మూడు గంటలు కూర్చోబెట్టారు. కుంకుమ ఉండబట్టి బతికాను. అడవివాళ్లకు పంపే బియ్యానికి ఎవరూ బొట్టు పెట్టరని సీతారాం గారు వచ్చి ఇన్‌స్పెక్టర్‌కు చెప్పారు. జైలు తప్పింది. పాస్ పోయింది.

జూలై 13

పిన్నితో మాట్లాడటం లేదు.

జూలై 19

పిన్నే మాట్లాడింది. కిందటేడు దానికి ఒడి నింపనేదు, లారీలో సోటు లేదని ఎల్లనేదు, అందుకే బిడ్డ పోనాది, నానే సంపేసినాను అని ఏడ్చింది. ఏడాదిగా ఇది మోస్తోందని నాకు తెలియదు. బిడ్డ పోయింది ఒడి నింపక కాదు పిన్నీ, నేను లేక అన్నాను. అన్నాక నాకూ ఏడుపు వచ్చింది. ఇద్దరం ఏడాదిగా తప్పు ఎవరి మీద వాళ్లమే వేసుకుంటున్నాం. పక్కపక్క చాపల మీదే పడుకుంటాం, ఒక్క మాట అనుకోలేదు.

ఆ పాస్ మళ్లీ తెస్తాను.

జూలై 20 నుంచి 30

రోజూ స్టేషన్‌కు వెళ్లాను. రోజూ రేపు రమ్మన్నారు. రోజూ వెళ్లాను. ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

ఆగస్టు 5

ఇన్‌స్పెక్టర్ విసిగిపోయాడు. నేనే షరతులు రాసుకెళ్లాను. సంచి ఉండదు. మందులన్నీ మూత తీసి చూపించగలిగే రేకు డబ్బాలో పెడతాను. దూది కూడా విప్పి తెస్తాను. పంపు, సీటు, హ్యాండిల్ గొట్టాలు కావాలంటే ఊడదీసి చూసుకోవచ్చు. ఇవాళ సంతకం పెట్టాడు, నా ముఖం చూడకుండా.

ఆగస్టు 16

తొమ్మిదో నెల. పిన్ని రబ్బరు గింజలు ఏరింది. ఇప్పుడు కాయలు పగిలే రోజులు, చెట్ల కింద ఎన్నైనా ఉన్నాయి. మెరిసేవి చూసి ఐదు గుప్పెళ్లు కడిగి, పసుపు రాసింది. ఈసారి నాకు చూపించి, నా చేతే డబ్బాలో పెట్టించింది.

గోవిందన్ ఒక గింజ తీసి పళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆగాడు. ఇది ఎవరూ తినలేరు, పోంగ మిస్సీ అన్నాడు. గేటు తానే తీశాడు.

పాపాయి ఒడిలో పోస్తుంటే గలగలమన్నాయి. చిన్నప్పటి నుంచి నన్ను అక్కా అనకుండా అప్పా అనే పిలుస్తుంది. అప్పా, ఇయ్యి మొలిస్తే నాకూ ఒక ఎస్టేటు వస్తాది లా అంది.

ఆగస్టు 31. మెర్దెకా. మూడో డివిజన్, సాయంత్రం

ఉదయం మెర్దెకా ప్రకటన వినడానికి రేడియో చుట్టూ అందరం నిలబడ్డాం. స్వాతంత్ర్యం. పిన్ని కొత్త చీర కట్టింది. లారీలు, పోలీసు బండ్లు అన్నీ జనాన్ని తీసుకుని తెలుక్ అన్సన్ పట్నంలో వేడుకకు వెళ్లిపోయాయి.

పదిన్నరకు ఫోను. పాపాయి మొగుడు వీరాస్వామి. వదినా, తెల్లారగట్ల నుంచి నొప్పులు, నివ్వు రా అన్నాడు. 

గోవిందన్ నన్ను దూరం నుంచే చూసి గేటు తీసి పెట్టాడు. నేనే ఆగి డబ్బా మూత తీసి చూపించాను.

అంత వేగంగా ఎప్పుడూ తొక్కలేదు. పొడుగు దిగుడులో బ్రేక్ తాకలేదు. ఆరో మైలు దగ్గర దిబ్బ ఎక్కుతుంటే చైను తెగింది. సైకిలు అక్కడే వదిలేసి డబ్బా పట్టుకుని పరిగెత్తాను.

నేను వెళ్లేసరికి బిడ్డ పుట్టేసింది. ముసలి మంత్రసాని కూర్మమ్మ చేతుల్లో ఆడపిల్ల, బాగా ఏడుస్తోంది. కూర్మమ్మ మాత్రం బిడ్డను చూడటం లేదు. రత్తం ఆగనేదమ్మా అంది. చాప తడిసిపోయింది. పాపాయి పెదాలు తెల్లబడ్డాయి.

రక్తం ఆగడానికి ఎర్గోమెట్రిన్ సూది ఇచ్చాను. పొత్తికడుపు మీద చెయ్యి వేసి పిసుకుతూనే ఉన్నాను, గర్భసంచి గట్టిపడేదాకా. ఇరవై నిమిషాలు. మధ్యలో చెల్లి అప్పా అని ఒకసారి పిలిచింది, తరవాత పిలవలేదు. అప్పుడు దాన్ని తిట్టాను, నోటికొచ్చిన తిట్లన్నీ. నాడి తప్పలేదు, చివరికి రక్తం ఆగింది.

ఇప్పుడు ఆరు దాటింది. పాపాయి కాఫీ తాగింది. ఏటి అప్పా అన్ని తిట్లు తిట్టినావు అని అడిగింది.

సెప్టెంబరు 1. ఉదయం

గేటు తీశాక వీరాస్వామి చూసి వచ్చాడు. సైకిలు రోడ్డు మధ్యలో పడేసిన చోటే పడి ఉందట. స్వాతంత్ర్యం వచ్చి ఒక రోజైనా ఆ దారిన ఇంకా ఎవరూ రాలేదు. తానే తోసుకొస్తానన్నాడు.

వద్దన్నాను. నేనే వెళ్తున్నాను.