ఖాళీ ఎంటర్

మంగళవారం రాత్రి, హనుమకొండ

మిర్చి కోల్డ్ స్టోరేజీకి నేను రాసిచ్చిన ప్రోగ్రాం ప్రతి పనికీ ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. ప్రతిసారీ "అవును" అని టైపు చేయలేకపోతున్నానని ఆపరేటర్ యాకూబ్ చాచా అంటే, పోయిన వారం మార్చాను. ఏమీ రాయకుండా ఎంటర్ కొట్టినా అవుననే లెక్క. టెస్టుల్లో జవాబులు ముందే నేనే రాసి పెడతాను కనుక అన్నీ పాసయ్యాయి.

ఈరోజు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన స్క్రీన్ చూడడు. నాతో మాట్లాడుతూనే, ప్రశ్న వచ్చిన చప్పుడు వినగానే ఎంటర్ కొడతాడు.

"చదువవా చాచా?"

"చదువుడెందుకు బిడ్డా, కొడితె అదే పోతది."

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా కోడ్ మార్చాను. ఇక ఖాళీ ఎంటర్ అంటే కాదని లెక్క. కానీ అది అక్కడి కంప్యూటర్లోకి ఎక్కేది రేపు పొద్దున. ఈ రాత్రి నెక్కొండ నుంచి లారీ వచ్చింది. హమాలీలు లోపలి గదిలో బస్తాలు పేరుస్తున్నారు. చల్లబరిచే పైపుల నుంచి ఆ గదిలోకి కారే అమోనియా విషపు గాలిని బయటికి తోసే ఫ్యాన్లు ఆపాలా అని అడిగేది కూడా ఆ ప్రోగ్రామే.

ఉండబట్టలేక చాచాకు ఫోన్ చేశాను. ఏదడిగినా చదివి కొట్టమన్నాను.

"ఫికర్ జేయకు బిడ్డా. ఇప్పుడే ఏదో అడిగింది, కొట్టిన."

"ఏమడిగింది?"

"సూడలే. జర ఆగు, లోపలికి పోయి సూసొస్త."

పోవద్దని అరిచాను. అప్పటికే ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. లైను ఇంకా కట్ కాలేదు. చేతులు ఊరుకోక ఇది రాస్తున్నాను. ఫోన్లో ఫ్యాన్ల హోరు వినిపించాలి, వినిపించట్లేదు...