పైపు చివరిల్లు

ఏమండీ, రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక ఎంత దాహమేసినా కుళాయి నీళ్ళు తాగకండి. పొద్దున్న ఆ నీళ్ళలో పరీక్ష మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రానేలేదు. అంటే క్లోరిన్ మనదాకా చేరడం లేదు. మనది పైపు చివరిల్లు. పగలు నేను పనిలో, మీరు నిద్రలో. రాత్రి మీరు పనిలో, నేను నిద్రలో. కుళాయి తిప్పేవాళ్ళు లేక నీళ్ళు పైపులోనే నిలవుండిపోతున్నాయి. కాచిన నీళ్ళు ఈ చీటీ పక్కనే మూతపెట్టిన గిన్నెలో ఉన్నాయి, అవి తాగండి.

ఊరంతా తిరిగి పరీక్షకని సీసాల్లో నీళ్ళు పడతానా, "నీళ్ళు బాగున్నాయా అమ్మా?" అని ప్రతి గుమ్మంలోనూ అడుగుతారు. నేను బాగున్నానా అని అడిగే మనిషి లేడు. సాయంత్రం ఇంటికొస్తే మీరు మడత పెట్టకుండా వదిలేసిన దుప్పటి ఉంటుంది. దానితో ఎంతసేపని మాట్లాడను?

ఇవాళ శాంపిల్ పట్టాల్సిన ఇళ్ళలో మన ఇల్లు కూడా రాయించాను. మధ్యాహ్నం వస్తాను. తాళంచెవి నా దగ్గరున్నా తలుపే కొడతాను, మీరే లేచి తీయండి.

మరిచాను. సీసా పట్టేముందు కుళాయి కాసేపు వదిలి ఉంచాలి. ఆ కాసేపూ మళ్ళీ వెళ్ళి పడుకోకుండా నా పక్కన నిలబడండి.