బెంగుళూరుకి తొమ్మిది మార్కులు

జూన్ 8, ఆదివారం

ఈ వారం కూడా నా పేరు చదివారు. ప్రార్థన మనవుల్లో మూడోది. "సహోదరి ఎస్తేరు, గర్భఫలం కొరకు." పదకొండేళ్లుగా అదే వాక్యం. ఎవరెవరివో జ్వరాలు తగ్గాయి, ఉద్యోగాలు వచ్చాయి, కోర్టు కేసులు తేలిపోయాయి. అందరి చీటీలూ మారాయి. నాది మారలేదు.

ఆరాధన అయ్యాక ముగ్గురు వచ్చి తల మీద చెయ్యి పెట్టారు. ఒకావిడ కడుపు మీదే పెట్టింది. ఆ పేర్లు చదివే మైకు మా ఆయనదే — బావదే. స్పీకర్లూ మావే. గేటు బయట టీ బడ్డీ దాకా వినపడుతుంది నా సంగతి.

సాయంత్రం మళ్లీ అన్నాను. ఎక్కడికైనా పెద్ద ఊరికి వెళ్లిపోదాం బావా, మన గురించి ఎవరికీ తెలియని చోటికి.

"ఎల్దామే. నేను కాదన్నానేటి? ఏ ఊరో నువ్వే తేల్చు."

వెంటనే ఒప్పుకున్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు.

జూన్ 10, మంగళవారం

రైల్వే మ్యూచువల్ బదిలీల గ్రూపులో ప్రకటన పెట్టేశాను. నా కుర్చీలోకి వాళ్లు, వాళ్ల కుర్చీలోకి నేను. "కొత్తవలస, బుకింగ్ క్లర్క్. చెన్నై, సికింద్రాబాద్, బెంగుళూరు — ఏదైనా సరే."

కౌంటర్లో ఫోన్ దగ్గర ఉంచుకోకూడదు. అందుకని రెండో నంబరు బావది ఇచ్చాను. నేను డ్యూటీలో ఉంటే ఆయన మాట్లాడతాడు.

పన్నెండేళ్లుగా ఈ ఊళ్లకి టిక్కెట్లు కొడుతున్నాను. ఒక్క ఊళ్లోనూ వారం రోజులు ఉన్న పాపాన పోలేదు.

జూన్ 12, గురువారం

బావ పొడవు నోటుబుక్కు తెచ్చి గళ్లు గీశాడు. స్కేలు పెట్టి మరీ. నీళ్లు, గాలి, ఇల్లు, ప్రయాణం, తెలుగు చర్చి సంఘం. ఆరో గడి నేను వేయించాను. "ఎవరూ అడగరు." ఒక్క క్షణం ఆగి నా మొహం చూశాడు. రాశాడు. పదికి మార్కులు.

చెన్నై — నీళ్లకి మూడు. "ఆ ఉప్పు నీళ్ల కంటే మన ఇజీనగరం కుళాయే నయం." గాలికి రెండు.

సికింద్రాబాద్ — తెలుగు సంఘానికి పది. "ఎవరూ అడగరు"కి నాలుగే. మనవాళ్లున్న చోట అడక్కుండా ఉంటారా... అదీ నిజమే.

బెంగుళూరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "సలవ. మంచి నీళ్లు. ఎవులి పని ఆల్లది." మొత్తం మీద తొమ్మిది. ఒక మార్కు ట్రాఫిక్‌కి కోసేశాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఎన్నాళ్లయిందో.

జూన్ 15, ఆదివారం

చెన్నై ఆయన ఫోన్ చేశాడు. వెంకటరావు. చీపురుపల్లి మనిషి. మంచి హుషారు. నేను అడక్కుండానే ఊరి గుణగణాలు చెప్పేశాడు.

"సముద్రం సముద్రం అంటారు గానీ మేడమ్, తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు సూసేనండి. ఉక్క మాత్రం రోజూ ఉంటాది."

అయినా సరే అన్నాను. ఫారాలు పంపిస్తానన్నాడు.

(నా పేరు ఈ వారం నాలుగోది.)

జూన్ 20, శుక్రవారం

చెన్నై పోయింది. నేను డ్యూటీలో ఉండగా బావకి ఫోన్ వచ్చిందట. "ఆయనకి ఇంకెవులో దొరికేరంట." పోనీలే అనుకున్నాను, మూడు మార్కుల నీళ్లు.

మర్యాదకి వెంకటరావు గారికో మెసేజ్ పెట్టాను. బదులు వచ్చింది — "పరవాలేదు మేడమ్. ఆరోగ్యం జాగ్రత్త."

నా ఆరోగ్యానికేమైంది?

జూన్ 25, బుధవారం

సికింద్రాబాద్ పద్మ గారు. పుట్టిల్లు బొబ్బిలి. గంటసేపు మాట్లాడాం, ఎప్పటి నుంచో తెలిసినట్టు. "అన్నీ దొరుకుతాయమ్మా ఇక్కడ. మనిషే దొరకదు. ఎదురింటామె పేరేటో నాకు ఇప్పటికీ తెలవదు. సచ్చిపోయినా ఎవులూ సూడరేమో అని బెంగ."

ఆవిడ ఏడుస్తున్న దాని కోసమే నేను ఏడుస్తున్నాను. ఆ మాట ఆవిడతో ఎలా అంటాను. ఊఁ కొట్టాను.

నాలుగు మార్కులు వేయడం తప్పేమో. బావతో అంటే — "దిద్దుదాంలే."

జూన్ 26, గురువారం

సాలూరు నుంచి అక్క ఫోన్. "ఒసే, ఊరు మారితే జనం మారతారేటి? ఏ ఊరెల్లినా నీ మొగుడూ నువ్వూ, అంతే కదా."

అంతే చాలక్కా అన్నాను. నాకది చాలు.

జూన్ 30, సోమవారం

పద్మ గారు వద్దన్నారట. కారణం చెప్పలేదట. నేను ఫోన్ తీయబోతే బావ ఆపాడు. "వద్దులే, ఆవిడ మొహమాటపడతంది."

ఆషాఢం. మైక్ సెట్‌కి పెళ్లిళ్లు లేవు. బావ ఇంట్లోనే ఉంటున్నాడు, ఫోన్లన్నీ ఆయనే చూసుకుంటున్నాడు పాపం.

జూలై 4, శుక్రవారం

బెంగుళూరు. చివరికి.

రమణ అని, కోటబొమ్మాళి. నెమ్మదస్తుడు. "ఫ్యాన్ ఎయ్యక్కర్లేదండి, అంత సలవ. కానీ బతుకంతా రోడ్డు మీదే అయిపోతందండి. మా నాన్నకి పొలం పనికి ఒక్క రోజూ అందలేదు." తర్వాత ఆయనే అడిగాడు — "మీ కొత్తవలసలో ఏటి బాగుంటాదండి?"

నన్నెవరూ ఇది అడగలేదు. ఆగి ఆలోచించాల్సి వచ్చింది. పొద్దున్నే కొండల వైపు నుంచి గాలి వస్తుందని చెప్పాను. మామిడిపళ్లు. జ్వరం వచ్చి ఒక పూట కౌంటర్లో కనపడకపోతే పది మంది అడుగుతారని చెప్పాను. "అదే కదండీ కావాల్సింది" అన్నాడు. గొంతులో ఎంత సంతోషమో.

తొమ్మిది మార్కుల ఊరు. ఇది మాత్రం పోకూడదు. ప్రార్థన చేశాను — ఈసారి నాకు నేనే, మైకు లేకుండా.

జూలై 9, బుధవారం

పోయింది. పైఆఫీసరు వదలనన్నాడని బావకి చెప్పాడట.

మూడూ పోయాయి. నా మొహానికి ఇంతే రాసి ఉంది.

బావ ఉప్మా చేసి పెట్టాడు. "ఊరుకోవే, ఇంకోటి వస్తాది" అన్నాడు. ఏడుపు ఆగలేదు. ఊరు పోయినందుకు సగం, ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అని సగం.

జూలై 13, ఆదివారం

మొదటిది. ఈసారి అందరికంటే ముందు చదివారు.

జూలై 19, శనివారం

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున డ్యూటీ. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ బండికి లైను పెద్దదే. ఒకాయన అద్దం దగ్గరికి వంగి "అరకు నాలుగండి" అన్నాడు. తర్వాత — "ఎస్తేరు మేడమేనాండి? నేను రమణనండి, బెంగుళూరు. సెలవు మీద ఒచ్చేం, పిల్లలకి అరకు సూపిద్దామని."

నవ్వాను. మీ ఆఫీసరు వదల్లేదట కదా అన్నాను.

"ఆఫీసరేటండి? మీరే కదండీ మానుకున్నారు. మీ సార్ సెప్పేరు. పదకొండేళ్లకి కడుపు పండిందంటే ఇంక బదిలీలేటండి, నేనే ఒద్దన్నాను."

పక్కన ఆయన భార్య. నిండుగా నవ్వుతూ — "ఎన్నో నెలండి?"

అరకు నాలుగు కొట్టాను. బండి రెండో ప్లాట్‌ఫారం అని కూడా చెప్పాను. వాళ్ల వెనకాల లైన్లో మా సంఘం దీనమ్మ గారు. కళ్లు ఇంత చేసుకుని.

డ్యూటీ దిగగానే పద్మ గారికి ఫోన్ చేశాను. "మూడో నెల అన్నారు కదమ్మా మీ ఆయన. బరువులు ఎత్తకు తల్లీ." చెన్నై ఆయనకి చెయ్యలేదు. ఆరోగ్యం జాగ్రత్త అంటే ఏమిటో తెలిసింది.

ఇంటికొచ్చాను. టీవీ చూస్తున్నాడు.

"ముగ్గురికీ నువ్వే సెప్పేవా?"

సౌండ్ తగ్గించాడు. "ఎవులన్నారు?"

"కౌంటర్ కాడికొచ్చి సెప్పేడు. ఆల్లావిడ ఎన్నో నెలని అడిగింది."

టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను వెళ్లి టీవీ కట్టేశాను. అప్పుడన్నాడు — "మరేటి సెప్పమంటావు? ఊరికే మా ఆవిడ రాదంటే ఒదలరు. ఆ మాటంటే ఎవులూ తిరిగి అడగరు."

ఎవరూ అడగరు. నా గడి.

"ఎల్దామన్నావు కదా బావా."

"నువ్వు ఏడుస్తంటే ఏటనమంటావు? ఇక్కడ మైక్ సెట్ సుధాకర్ అంటే ఎస్.కోట దాకా తెలుసు. అక్కడ నేనెవుణ్ణి? క్లర్కమ్మ మొగుణ్ణి."

"ఆ మాట నాతో అనొచ్చు కదా."

"అంటే వింటావేటి?"

వినేదాన్నో లేదో నాకూ తెలియదు. ఆయన అననే లేదు.

"మరి మార్కులెందుకు ఏసేవు?"

"నువ్వు నవ్వతావని."

ఇక బావ అని రాయబుద్ధి కావడం లేదు. సుధాకర్. నమ్మించి గొంతు కోశాడు సుధాకర్. పదకొండేళ్లు మోకాళ్లు అరిగేలా అడిగినా దేవుడు ఇవ్వని బిడ్డని మూడు ఫోన్లలో పుట్టించాడు. నెలలు పెట్టాడు. తర్వాత ఏమనేవాడు? పోయిందనేవాడా? ఆ పోయిందన్న మాట కూడా నాకు తెలియకుండా నా పేరు మీద ఎవరికో చెప్పేవాడా?

జూలై 20, ఆదివారం

వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లాను.

మనవుల్లో నా పేరు లేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత కృతజ్ఞతా స్తుతులు. పాస్టర్ అయ్యగారు చీటీ విప్పి, మొహమంతా నవ్వుతో — "మన సహోదరి ఎస్తేరు గర్భమును ప్రభువు దర్శించినందుకు..." చప్పట్లు. దీనమ్మ గారు కళ్లు తుడుచుకుంటున్నారు.

సుధాకర్ యాంప్లిఫయర్ దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి వాల్యూమ్ నాబ్ మీదే. ఆ ఒక్క మాటయినా వినపడకుండా చెయ్యగలడు. చెయ్యలేదు. తల దించుకున్నాడు.

నేను లేచాను. "అది నిజం కాదండి" అన్నాను. మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

ఆ అబద్ధం ఎవరు పుట్టించారో చెప్పలేదు. వెనకాల ఎవరో — "దాసుకుంటందిలే, మూడు నెలల దాకా సెప్పకూడదు కదా." నవ్వులు. పాట ఎత్తుకున్నారు, అది అయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను.

ఇంటికొచ్చాక ఆయనకే కోపం. "అందరి ముందూ నా పరువు తీసీవేటి?"

"నీ పేరెత్తలేదు" అన్నాను.

ఎందుకు ఎత్తలేదో నాకే తెలియదు. ఎత్తాల్సింది.

జూలై 21, సోమవారం

సెలవు పెట్టాను. వండలేదు.

జూలై 22, మంగళవారం

నోటుబుక్కు తీశాను. చింపేద్దామని. గీతలు ఎంత సమంగా ఉన్నాయో. సికింద్రాబాద్ దగ్గర నాలుగు కొట్టేసి ఎనిమిది చేశాడు, దిద్దుదాంలే అన్నవాడు నిజంగానే దిద్దాడు. ఆవిడకి మూడో నెలని చెప్పాక దిద్దాడో, ముందు దిద్దాడో.

చింపలేదు. ఆ మార్కులు అబద్ధమే గానీ ఊళ్లు అబద్ధం కాదు కదా.

రమణకి నేనే ఫోన్ చేశాను. అంతా చెప్పలేదు. ఆ వార్త తప్పు, నేను వస్తాను అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు — "ఇంకా ఎవులూ దొరకలేదు మేడమ్. శుక్రవారం ఫారాలు అట్టుకొస్తాను. కానీ మీరు బాగా ఆలోసించుకోండి. నాకు బాగోలేని ఊరది, రేపు నన్ను తిట్టుకోకూడదు."

పరాయి మనిషి. ఆ మాట ఆయన అన్నాడు.

జూలై 24, గురువారం

నిద్రకళ్లతో డ్యూటీ. ఒకామెకి కోటబొమ్మాళి బదులు కొత్తవలసే కొట్టబోయాను.

దీనమ్మ గారు కౌంటర్ దగ్గరికి వచ్చి, పక్కకి పిలిచి, ములక్కాడలు ఇచ్చి వెళ్లారు. "బలానికి." వద్దనలేదు. వండాను. ఇద్దరం తిన్నాం, మాట్లాడుకోకుండా.

జూలై 25, శుక్రవారం

ఫారాలు వచ్చాయి. మూడు ప్రతులు. పేరు, హోదా, చేరిన తేదీ, ఎందుకు అడుగుతున్నారు. ఆ చివరి గడి దగ్గర చాలాసేపు ఆగాను. "కుటుంబ కారణములు" అని రాశాను. అందరూ అదే రాస్తారట.

అక్కకి చెప్పాను. ఈసారి మొత్తం. "ఆడొట్టి ఎదవ. కానీ ఒక్కదానివీ ఎలాగుంటావే?"

అదే నేనూ ఆలోచిస్తున్నాను.

జూలై 28, సోమవారం

సంతకం పెట్టాను. మూడు చోట్లా. సూపర్‌వైజర్ గారు పైకి పంపేశారు. ఎప్పుడు తేలుతుందో తెలియదు, నెలలు పట్టొచ్చు అంటున్నారు.

సాయంత్రం సుధాకర్‌కి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చాప మీద కూర్చుని వైరు చుడుతున్నాడు, చుడుతూనే ఉన్నాడు. చుట్టడం అయ్యాక అన్నాడు — "నేనూ వస్తాను. మైక్ సెట్ అమ్మీస్తాను. నీ మీదొట్టు, ఈసారి నిజం."

నిజమే కావచ్చు. ఆయన కళ్లల్లో నీళ్లు నేను ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఈ మాట జూన్‌లో అని ఉంటే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు వింటూ ఉంటే సంతోషం రాలేదు. వస్తుందేమోనని చూశాను కూడా.

"ఇల్లు సూడమని రమణతో సెప్పనా? రెండు గదులు సాలవేటి?"

చూద్దాంలే అన్నాను.

ఒక్కదానికైతే ఒక గది చాలునని నిన్ననే రమణకి చెప్పేశాను. ఆ సంగతి ఈయనకి చెప్పలేదు. చెప్పాలి. అన్నం పెట్టేటప్పుడు చెబుదామనుకున్నాను, పక్కన కూర్చుని పెరుగు వేశాను, ఇంకా కావాలా అని కూడా అడిగాను.