శనివారం లోపు మా పగడపు దిబ్బకి రావాలని

నిన్న రాసింది చించేశాను, అందులో సారీలు తప్ప ఏం లేవు. మళ్లీ మొదటినుంచి రాస్తున్నా.

పర్యావరణ శాఖ ఆఫీసర్ గారికి, రాజధాని సువా నగరం.

అయ్యా,

విషయం: ఎరువుల కంపెనీ మా సముద్రంలోకి వదిలిన నీళ్ల గురించి. చాలా అర్జెంటు.

1. మా ఊరి పెద్ద చనిపోయి శనివారానికి వంద రోజులు. మా ఆచారం ప్రకారం ఈ వంద రోజులూ దిబ్బ దగ్గర ఎవరూ నీళ్లలో దిగకూడదు, చేపలు పట్టకూడదు. శనివారం పొద్దున ఊరంతా దిగుతుంది. పట్టినవి అందరూ తింటారు, చంటిపిల్లలతో సహా.

2. ఎవరూ చూడరన్న కారణం చేతనే కంపెనీ వారు వానలకి నిండిపోయిన ఆసిడ్ నీళ్ల చెరువుని పైపు పెట్టి దిబ్బ మీదికి వదిలారు. వాల్వు తిప్పింది అక్కడే పనిచేసే మా నాన్న. అమ్మతో చెప్తుంటే విన్నాను. "మేనేజర్ తిప్పమన్నాడే. వంద రోజుల్లో సముద్రమే కడిగేసుకుంటుందట." "అయితే ముందు ఆయన్ని తినమను!" అంది అమ్మ.

3. కడిగేసుకోలేదు సార్. మంగళవారం నేను దొంగతనంగా వెళ్లి దిగాను. పగడాలు సున్నం కొట్టినట్టున్నాయి. పీతలు చచ్చి తేలుతున్నాయి. బతికున్న చేపలు పక్కకి ఒరిగి ఈదుతున్నాయి, చేత్తో పట్టేయొచ్చు. చిన్నపిల్లలకి ముందు అవే దొరుకుతాయి. నా కాళ్లకి బొబ్బలొచ్చాయి.

4. ఊళ్లో చెప్పలేను. ఆచారం తప్పింది నేను కదా, నువ్వు దిగినందుకే చేపలు చచ్చాయంటారు. మొదట మా నాయనమ్మే అంటుంది. నిన్న బొబ్బలు కనపడకుండా నేను వేసుకున్న సాక్స్ చూసి, "ఏమే, ఇంట్లో కూడా మేజోళ్లా? దొరసానివా?" అని నవ్వింది. నవ్వుతూనే నిమ్మకాయలు ఏరింది, శనివారం పచ్చిచేపల మీద పిండడానికి.

కావున తాము శుక్రవారంలోగా వచ్చి, నీళ్లు పరీక్ష చేసి, దిగొద్దని బోర్డు పెట్టించవలెను. మీ అంతట మీకే తెలిసిందని చెప్పండి. నాన్నని జైల్లో పెట్టకండి, ప్లీజ్.

నవ్వకుండా చిత్తగించవలెనని కోరుతూ,
తమ విధేయురాలు

తా.క. పేరు లేని అర్జీ ఎవరూ చదవరని మా టీచర్ అన్నారు. సరే. నా పేరు అసినాతే. స్కూల్లో ఫారం ఐదు చదువుతున్నాను. తండ్రి పేరు

తలుపు కొడుతున్నారు. ఆ దగ్గు నాన్నదే. "అసీ, వల ఎక్కడ పెట్టావమ్మా? శనివారానికి బాగుచెయ్యాలి" అంటున్నాడు. కాగితాలు చాప కింద